గొంతు కింద తెల్లపొర

బస్‌స్టేషన్లో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. డ్రైవర్లకీ, కండక్టర్లకీ, సామాన్లు మోసేవాళ్ళకీ ఆమె మైకమ్మ. "మైకం కాదు నాయనా, మైకు!" అని మొదట్లో కసురుకునేది. పదిహేడేళ్ళకి ఆ పేరే స్థిరపడిపోయింది. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే ఆమె భర్త కూడా, ఇంట్లో మాటకు మాట పెరిగినప్పుడు, "ప్రకటన పూర్తయిందా మైకమ్మా? ఇక నేను బయల్దేరొచ్చా?" అనేవాడు.

మైకు గది టిక్కెట్ల కౌంటర్ల వెనక, మేడమెట్ల కింద ఉండేది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి టైముల పట్టిక, ప్లాట్‌ఫారాల వైపు చూసే గాజు పలక. పైన మరుగుదొడ్ల పైపు కారి వెనక గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. ఆ చెమ్మ మీద నల్లటి మచ్చ ఒకటి మొదట అరచేతంత, తరవాత చేటంత, చివరికి తలుపంత అయింది. ఆమె దాని మీద ఒక పాత క్యాలెండరు తగిలించింది. మచ్చ పెరిగితే ఇంకో క్యాలెండరు. మూడు దరఖాస్తులు పెట్టింది కూడా. మేనేజరు, నిమ్మకు నీరెత్తినట్టు, "రాసుకున్నానమ్మా" అనేవాడు.

ఆమె పనితనం ఊరంతటికీ తెలుసు. ఇరవై రెండు ప్లాట్‌ఫారాల రణగొణధ్వనిలో ఆరు ఊళ్ళ పేర్లు ఒక్క గుక్కలో, ఒకదానికొకటి అంటకుండా చెప్పేది. నిద్రమత్తులో ఉన్నవాడు కూడా తన ఊరి పేరు వినగానే సంచీ పట్టుకుని లేచేవాడు.

నలభై రెండో ఏట రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడు రోజులు డయాలిసిస్, మిగతా రోజులు మైకు. భర్త తన కిడ్నీ ఇస్తానన్నాడు గాని ఆయనకి షుగరుంది. చెల్లెలి రక్తం కలవలేదు. అప్పుడు ముందుకొచ్చింది భర్త అక్క.

ఆవిడ బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి మానేసింది. మెడలో విజిలు మాత్రం మానలేదు. వదినా మరదళ్ళిద్దరికీ ఇరవై ఏళ్ళుగా ఉప్పూ నిప్పూ. అలాంటి మనిషి, "నా గ్రూపు కూడా అదే కదా, చూడమనండి" అని ఆసుపత్రికి వచ్చి కూర్చుంది. రక్తసంబంధం కాదు కదా అని అనుమతులిచ్చే కమిటీవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగారు.

"ఇందులో ఎవరి బలవంతమైనా ఉందా అమ్మా?"

"ఉంది. నేనే బలవంతపెడుతున్నా. తనేమో వద్దంటోంది."

కమిటీ పెద్ద నవ్వి సంతకం పెట్టాడు.

ఆపరేషను బాగా జరిగింది. నాలుగో నెలలో మైకమ్మ మళ్ళీ డ్యూటీలో చేరింది. కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదనుకుని తరిమెయ్యకుండా పూటపూటకీ మాత్రలు. బయటికెడితే మూతికి మాస్కు. మైకు దగ్గర మాత్రం మాస్కు తీసేసేది. ఉంచుకుంటే ఊళ్ళ పేర్లు ముద్దముద్దగా వినిపించేవి మరి.

ఎనిమిదో నెలలో పొడిదగ్గు పట్టుకుంది. వారం తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. మెట్లెక్కితే ఛాతీలో ఎక్కడో పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నటి కూత. వీధి చివరి డాక్టరు ఉబ్బసమన్నాడు, పీల్చే మందు రాశాడు. పదిహేను రోజులు పీల్చినా కూత తగ్గలేదు. ఎక్స్‌రే తీస్తే అద్దంలా ఉంది. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా, గొంతుకి కాస్త విశ్రాంతి ఇవ్వండి" అన్నాడాయన. కండక్టర్లు తలా ఒక కషాయం చెప్పారు. కొత్త కిడ్నీ మీద ప్రయోగాలు చేసే ధైర్యం లేక ఆమె అన్నీ విని ఊరుకుంది.

అప్పుడొక సంగతి జరిగింది. తొమ్మిదో ప్లాట్‌ఫారం బస్సు పన్నెండుకి మారింది. ఆమె ఆ ప్రకటన చేస్తూ ఉండగా నంబరు దగ్గర గొంతు ఠక్కున ఆగిపోయింది. గాలి లోపలికి పోదు, మాట బయటికి రాదు. అర నిమిషం తరవాత దగ్గి, ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పేలోపు బస్సు కదిలిపోయింది. గాజు పలక అవతల ఒక ముసలాయన తొమ్మిదో నంబరు దగ్గరే సంచీ ఒళ్ళో పెట్టుకుని, చెవి పైకెత్తి, తన ఊరి పేరు కోసం వింటూ కూర్చున్నాడు. ఆమె బయటికి వచ్చి ఆయన్ని తరవాతి బస్సెక్కించింది. పదిహేడేళ్ళలో తన వల్ల ఒక మనిషి బస్సు తప్పిపోవడం అదే మొదలు. ఇంటికి వెళ్ళేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు. సింకు అంచు పట్టుకుని వంగిపోయింది. చివరికి గొంతులోంచి ఏదో ఊడివచ్చి సింకులో పడింది. కఫం కాదు. వేలి గోరంత వెడల్పున, బూడిదరంగు తెలుపులో, సైకిలు ట్యూబు ముక్కలా సాగుతున్న పొర. ఒక చివర నెత్తుటి జీర.

భర్త పరిగెత్తుకొచ్చాడు. "ఛీ, ఏమిటది! నీళ్ళు వదిలెయ్, పోతుంది."

"ఆగు." ఆమె కుళాయి మీద చెయ్యి అడ్డంపెట్టింది. "నువ్వు అద్దాలు తెచ్చుకుంటావే, ఆ చిన్న డబ్బా, మూతది. ఒకటి వేణ్ణీళ్ళతో కడిగి పట్రా."

"దీన్ని దాచుకుంటావా?"

"నా ఒంట్లోంచి వచ్చింది. ఉబ్బసానికి ముక్కలు ఊడిపడవు. ఇదేమిటో చెప్పేదాకా ఆసుపత్రి నుంచి కదలను."

అన్నట్టే చేసింది. కిడ్నీ డాక్టరు డబ్బా మూత తీసి చూశాడు. ఆయన ముఖంలో చిరునవ్వు మాయమైంది. ఫోను తీసి ఊపిరితిత్తుల డాక్టరమ్మని కిందికి రమ్మన్నాడు. ఆవిడ పొట్టి మనిషి, మాట సూటిగా ఉంటుంది. డబ్బాని వెలుతురుకి ఎత్తిపట్టుకుని చూసి, "దీన్ని పారెయ్యకుండా తెచ్చారు, మంచి పని చేశారు. సగం దారి మీరే నడిచి వచ్చారు. మిగతా సగం నేను లోపలికెళ్ళి చూస్తాను" అంది.

ఆ మధ్యాహ్నమే మత్తుమందు చల్లి, ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, కెమెరాతో శ్వాసనాళం లోపల చూశారు. తరవాత డాక్టరమ్మ ఆ బొమ్మల్ని తెర మీద చూపించింది. ఎర్రగా, తడిగా ఉండాల్సిన నాళం గోడకి అక్కడక్కడ సున్నం పెచ్చుల్లా తెల్లటి పొరలు అతుక్కుని ఉన్నాయి. ఒక పొర స్వరపేటిక దాకా పాకింది. కుడివైపు చీలిక దగ్గర ఇంకొకటి సగం దారి మూసేసింది.

"ఇది ఫంగస్. యాస్పర్‌జిల్లస్ అంటారు. మామూలు మాటల్లో బూజు. రొట్టె మీద పట్టేది చూశారుగా, ఆ జాతిదే."

"బూజా! నా గొంతులోనా?"

"దాని పొడి గాలిలో ఎప్పుడూ ఉంటుంది. నేనూ పీలుస్తున్నాను, మీ ఆయనా పీలుస్తున్నారు. మా ఒంట్లో కాపలావాళ్ళు దాన్ని గుమ్మంలోనే పట్టుకుంటారు. మీ కాపలావాళ్ళని కిడ్నీ కోసం మేమే మాత్రలిచ్చి నిద్రపుచ్చాం. అందుకని అది లోపలికొచ్చి కాపురం పెట్టింది."

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారే?"

"ఇది గొట్టం గోడలకి పట్టింది. ఊపిరితిత్తిలోకి దిగితే గాని ఎక్స్‌రేకి దొరకదు. అక్కడిదాకా దిగితే నయం చెయ్యడం మా వల్ల కాకపోవచ్చు."

మైకమ్మకి నల్లమచ్చ గోడ గుర్తొచ్చింది. చెప్పింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "అక్కడి నుంచే వచ్చిందని నేను ప్రమాణం చెయ్యలేను. కాని ఆ గదిలోకి మీరు మళ్ళీ అడుగుపెట్టొద్దు."

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ఫంగస్ చావాలంటే దాని మందొక్కటే సరిపోదు, నిద్రపోతున్న కాపలావాళ్ళని కొంతైనా లేపాలి. అంటే కిడ్నీ మాత్రలు తగ్గించాలి. తగ్గిస్తే వాళ్ళు లేచి బూజునే కొడతారన్న నమ్మకం లేదు, కిడ్నీ మీద కూడా పడొచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"మీరు ఒప్పుకుంటే ఇవాళే తగ్గిస్తాం" అన్నాడు కిడ్నీ డాక్టరు.

"కిడ్నీ నాది కాదు డాక్టరుగారూ. ఇచ్చినావిణ్ణి అడగాలి."

వదిన గంటలో వచ్చింది. విషయమంతా నిలబడే వింది.

"దీనికి నన్నెందుకు పిలిపించావ్?"

"నీదాన్ని పణంగా పెడుతున్నాను వదినా. పోతే నీకు మొహం ఎలా చూపించను?"

"నువ్వు ఉంటేనే కదే మొహం చూపించేది!" ఆవిడ గొంతు గదంతా మోగింది. పక్క గదిలోంచి నర్సు తొంగిచూసింది. ఆవిడ స్వరం తగ్గించి, మంచం అంచున కూర్చుంది. "విను. కోసి ఇచ్చేశాక అది నీది. చీర ఇచ్చి, దాన్ని ఎప్పుడు కట్టుకుంటావో చెప్పు అని అడుగుతామా? డాక్టరు ఏం చెబితే అది చెయ్యి. పోయిందంటే ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. ముందు ఊపిరి పీల్చు."

మైకమ్మ ఆ సాయంత్రమే సంతకం పెట్టింది.

మొదటి మూడు వారాలు సెలైన్ సీసాలోంచి మందెక్కించారు. ఎక్కించిన అరగంటకి చలి పుట్టి మంచం ఊగిపోయేది. పళ్ళు టకటకలాడేవి. రెండు దుప్పట్లు కప్పి, భర్త అరికాళ్ళు రుద్దుతూ కూర్చునేవాడు. తరవాత మాత్రలకి మార్చారు. వాటితో ఇంకో తమాషా. మాత్ర వేసుకున్న కాసేపటికి గోడల మీద రంగురంగుల గీతలు కదిలేవి. "ఇప్పుడు నిజంగా మైకమ్మనయ్యాను" అందొకసారి బొంగురుగా. ఆ ముక్కకి భర్త పగలబడి నవ్వాడు, వెంటనే పక్కకి తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు.

ఫంగస్ మందుకీ కిడ్నీ మందుకీ ఒకదానికొకటి పొసగదు. ఇది మింగితే అది రక్తంలో అమాంతం పెరుగుతుంది. అందుకని రోజు విడిచి రోజు రక్తం తీసి, మోతాదు చూసి, గుండుసూది మొన మీద నిలబెట్టినట్టు రెంటినీ నిలబెట్టారు. కిడ్నీ నీరసించేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఒకటింపావు ఉండేది, ఒకటిన్నరయింది. రెండు దాటింది. ఆ అంకె చూసినప్పుడల్లా ఆమె కుడి పొత్తికడుపు మీద చెయ్యి వేసుకునేది. అక్కడే పెట్టారు కొత్త కిడ్నీని. "ఉండవే, కాస్త ఓర్చుకో, ఇంకెన్నాళ్ళు" అని దాంతో మాట్లాడేది.

వారానికోసారి మళ్ళీ గొట్టం దింపి పొరల్ని గీకి తీసేవారు. ఎవరికైనా అది తలుచుకుంటేనే వణుకు. ఆమె మాత్రం ముందురోజే, "రేపు పొద్దున్నే మొదటి పేరు నాది పెట్టండి" అని చెప్పించేది. భయం ఉండబట్టే అలా చెప్పించేది. ఎదురుచూస్తూ కూర్చునే రెండు గంటలు తగ్గుతాయని.

గదిలో పక్క మంచం మీద పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ ఉండేది. కీళ్ళజబ్బుకి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు మింగింది. ఆవిడకీ ఇదే ఫంగస్, మూడు నెలలు ఉబ్బసమనుకుని పీల్చే మందుతో నెట్టుకొచ్చింది. ఇక్కడికి వచ్చేసరికే ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. ఆక్సిజను మాస్కు పక్కకి తీసి, "మీ గొంతు నాకు తెలుసండీ, ఐదో నంబరు బస్సు రోజూ మీ మాట వినే ఎక్కేదాన్ని" అనేది. పదకొండో రోజు మధ్యాహ్నం ఆవిణ్ణి పై అంతస్తులో ఐసీయూకి తీసుకెళ్ళారు. మర్నాడు ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. ఆ పూట మైకమ్మ అన్నం పళ్ళెం అలాగే తిరిగిపోయింది. మరుసటి పూట మాత్రం కూర్చుని, మెతుకు మిగల్చకుండా తింది. ప్రతి ముద్దా పట్టుదలతోనే మింగింది.

రెండున్నర నెలలకి తెల్లపొరలు పోయాయి. పోతూ పోతూ నాళం గోడ మీద మచ్చ కట్టించి, దారి ఇరుకు చేసి పోయాయి. రెండుసార్లు చిన్న బెలూను పెట్టి వెడల్పు చేశారు. క్రియాటినిన్ రెండుంపావు దాకా వెళ్ళి, అక్కడ వారంపాటు ఊగిసలాడి, మెల్లిగా కిందికి దిగడం మొదలెట్టింది. కిడ్నీ నిలిచింది.

"నా గొంతు?" అని అడిగింది డాక్టరమ్మని.

"మాట ఉంటుంది. ఇదివరకటి గుక్క ఉండదు. ఎంత సాధన చేస్తే అంత."

సాధన అన్న మాట వదిన చెవిన పడింది. ఇక చెప్పేదేముంది! రోజూ పొద్దున ఆరున్నరకి విజిలు మెడలో వేసుకుని గుమ్మంలో ప్రత్యక్షం. "ముక్కుతో పీల్చు. నాలుగు. ఆపు. నోటితో వదులు. ఆరు. భుజాలు ఎత్తకు!" మొదట్లో ఒక్క ఊపిరిలో ఐదు అంకెలు లెక్కపెట్టేసరికి మైకమ్మకి కళ్ళు తిరిగేవి. "నేనేమన్నా బళ్ళో పిల్లనా వదినా?" అంటే, "పిల్లలే నయం, ఎదురు చెప్పరు" అనేది ఆవిడ. మూడో నెలకి పద్దెనిమిది దాకా వచ్చింది. అంతకు మించి ఎంత చేసినా పెరగలేదు. ఒకరోజు పద్దెనిమిది దగ్గర ఊపిరి అందక కూలబడి, కోపంతో గ్లాసు విసిరికొట్టింది. వదిన ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసి, "రేపు ఆరున్నరకే" అని వెళ్ళిపోయింది.

మైకమ్మ ఆలోచించింది. ఊపిరిని సాగదీయలేనప్పుడు వాక్యాన్నే కుదించాలి. టైముల పట్టిక ముందేసుకుని, పదిహేడేళ్ళుగా చెబుతున్న ప్రకటనల్ని ఒక్కొక్కటీ కోసింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి"ని తీసేసింది. "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" పోయింది. ముందు నంబరు, తరవాత ఊరు, తరవాత దారిలో ఊళ్ళు, ఒక్కొక్కదాని దగ్గరా చిన్న విరామం. భర్తని వంటింట్లో నిలబెట్టి, తను వీధి గదిలోంచి చదివింది. ఆయన, "ఇదివరకటికంటే బాగా అర్థమవుతోందే" అన్నాడు ఆశ్చర్యంగా. "ఇన్నాళ్ళూ అర్థం కాలేదన్నమాట!" అని ఆమె విరుచుకుపడింది.

డ్యూటీ అడగడానికి వెళితే మేనేజరు కుర్చీ చూపించాడు. "మీరు లేరని రికార్డింగు పెట్టాం కదమ్మా. మిషను చెబుతోంది. మీకు ఫైళ్ళ గదిలో హాయిగా..."

"ఫైళ్ళ గదిలో దుమ్ముంటుంది. నాకు పనికిరాదు. మొన్న వానకి ఎనిమిది బస్సులు ప్లాట్‌ఫారాలు మారితే మీ మిషను ఏం చెప్పింది?"

మిషను పాత నంబర్లే చెప్పిందని, జనం కౌంటర్ల మీద పడ్డారని స్టేషనంతా చెప్పుకున్నదే.

"నేను చెబుతాను. రోజుకి ఒక పూట. కాని ఆ మెట్ల కింది గదిలో కాదు. పైపు బాగుచేయించండి, ఆ గోడ పెచ్చు రాలగొట్టించండి. కొట్టేటప్పుడు గుమ్మానికి ప్లాస్టిక్ పట్టా కట్టించి, గోడ తడిపి కొట్టించండి. పొడి జనం మీదికి రాకూడదు. నాకు పై అంతస్తులో కిటికీ ఉన్న గది కావాలి. ఇదిగో డాక్టరు కాగితం."

"చూద్దాం లెండి."

"చూడండి. నేను బయట బెంచీ మీద ఉంటాను."

మాస్కు పెట్టుకుని కూర్చుంది. రేపు రా, మాపు రా అన్నా కదల్లేదు. మర్నాడూ వచ్చింది. మూడోరోజు డ్రైవర్లు బండి దిగి వస్తూ, "ఏం మైకమ్మా, బయట కూర్చోబెట్టారేం?" అని గట్టిగా అడగడం మొదలెట్టారు. ఒక ముసలి కండక్టరు తన మూడు డ్యూటీల మధ్య ఖాళీ అంతా ఆమె పక్కనే కూర్చున్నాడు. నాలుగోరోజు మధ్యాహ్నం మేనేజరు తలుపు తీసి, "ఉడుంపట్టమ్మా మీది" అన్నాడు. ఆ నెలలోనే పైపు బాగైంది. క్యాలెండర్లు తీసి చూస్తే వెనక గోడంతా నల్లగా, మెత్తగా, వేలు పెడితే దిగబడేలా ఉందట. ఆమె వెళ్ళి చూడలేదు, మేస్త్రి చెప్పాడు.

ఫంగస్ మాత్రలు తొమ్మిది నెలలు వాడి ఆపారు. క్రియాటినిన్ ఒకటి ముప్పావు దగ్గర ఆగింది, ఇక పాత అంకెకి రాదట. కిడ్నీకి ఆయుష్షు ఇంకా ఎంతో డాక్టర్లు చెప్పరు, ఆమె అడగదు. మూడు నెలలకోసారి గొట్టం దింపి చూస్తారు. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ, కిడ్నీ వార్డు బయట కొత్తగా ఆపరేషనైనవాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటుంది. "దగ్గు రెండు వారాలు దాటిందా, ఉబ్బసమని సరిపెట్టుకోకండి. గొంతులోంచి ఏదొచ్చినా పారెయ్యకండి, డబ్బాలో పెట్టి తెచ్చి చూపించండి" అంటుంది. కొందరు మొహం చిట్లిస్తారు. ఒక కుర్రాడి తల్లి మాత్రం పొరలాంటిదేదో నిజంగానే తెచ్చింది. పరీక్ష చేస్తే ఉత్త కఫమేనని తేలింది. "తేలడమే కావాలి" అంది మైకమ్మ.

మళ్ళీ మైకు ముందు కూర్చున్న మొదటి రోజు పై గదిలో కిటికీ తెరిచి ఉంది. కింద ప్లాట్‌ఫారాలన్నీ కనిపిస్తున్నాయి. భర్త షాపుకి ఆలస్యమవుతుందని తెలిసీ ఒకటో నంబరు దగ్గర నిలబడ్డాడు. వదిన అక్కడే ఒక కొత్త కండక్టరుతో, వరసలో నిలబడడం ఎలాగో చెబుతూ గొడవ పడుతోంది. మైకమ్మ ముక్కుతో ఊపిరి పీల్చి, నాలుగు లెక్కపెట్టి, బటను నొక్కింది. గొంతు కాస్త కీచుగా, ఇదివరకటికంటే సన్నగా వచ్చింది. మూడో బస్సు దగ్గర ఒకసారి ఆగి మళ్ళీ చెప్పాల్సివచ్చింది. మధ్యాహ్నం దాకా నలభై ఒక్క బస్సులు పిలిచింది. ఇంటికి వెళ్ళి మాత్రలు వేసుకుని, రెండు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.